మన ఊరి రోడ్డు ఎవరిది, గుంత పూడ్చే డబ్బు ఎవరిది?

వానాకాలం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం రోడ్ల మీదే ఉంటాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఈసారి ఎనిమిది ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా రోడ్డు పనులు చేయించి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీరును కాబట్టి శాఖ తరఫున వకాల్తా పుచ్చుకుంటానేమోనని ఇద్దరు ముగ్గురు పాఠకులు ముందే అనుమానించారు. చదివి మీరే చెప్పండి.

ప్రశ్న: కారు కొన్నప్పుడు జీవితకాల పన్ను కట్టాను. పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ సెస్సు కడుతున్నాను. హైవే ఎక్కితే టోలు. ఇన్ని కడుతున్నా, మా ఊరి నుంచి మండల కేంద్రానికి పోయే నాలుగు కిలోమీటర్ల రోడ్డులో గుంతలు పూడ్చడానికి నిధులు లేవంటున్నారు. మా డబ్బు ఎక్కడికి పోతున్నట్టు?
– ఒక రైతు, తెనాలి ప్రాంతం

జవాబు: మీరు కట్టేవి మూడూ మూడు వేర్వేరు పెట్టెల్లో పడుతున్నాయి. మీ ఊరి రోడ్డును చూసే చేతిలో ఆ పెట్టెల తాళాలు లేవు.

వాహనం కొన్నప్పుడు కట్టే పన్ను రాష్ట్ర ప్రభుత్వ సంచిత నిధిలో కలుస్తుంది. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు, సంక్షేమ పథకాలు అన్నీ నడిచేది ఆ నిధి మీదే. వాడుకలో రోడ్డు పన్ను అంటాం గానీ, దాన్ని రోడ్లకే ఖర్చు పెట్టాలనే కట్టుబాటు ఏదీ లేదు. టోలు జాతీయ రహదారుల లెక్క, అది మీ మండల రోడ్డు దరిదాపులకు రాదు.

పెట్రోలు మీద కేంద్రం వేసే సెస్సు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1927లో నియమించిన జయకర్ కమిటీ, పెట్రోలు మీద అదనపు సుంకం వేసి ఆ డబ్బును రోడ్లకు వాడాలని సూచించగా, 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడింది. 2000లో దానికొక చట్టం వచ్చింది. 2018లో ఆ చట్టాన్ని సవరించి, నిధి పేరులో మౌలిక వసతులను కూడా చేర్చడంతో, రోడ్ల కోసం పుట్టిన నిధిలో ఇతర రంగాలకూ వాటా దక్కింది. ఆ ఏడాది బడ్జెట్‌లో లీటరుకు 8 రూపాయలుగా నిర్ణయించిన సెస్సు తర్వాత పలుమార్లు పెరిగింది, తగ్గింది. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది గానీ, సెస్సుల్లో ఉండదు. ఈ నిధి నుంచి రాష్ట్ర రోడ్లకు కొంత వస్తుంది కానీ, అది రాష్ట్రం ప్రతిపాదించి కేంద్రం మంజూరు చేసిన పనుల రూపంలో, అంటే ఎక్కువగా వెడల్పు చేయడం, వంతెన కట్టడం వంటి వాటికి వస్తుంది. మీ ఊరి మలుపులో ఉన్న గుంత దాని కంటికి ఆనదు.

మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు కాబట్టి ఇంకొకటి కూడా కడుతున్నారు. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెట్రోలు, డీజిల్‌లపై లీటరుకు ఒక రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు విధించింది. ఆ ఆదాయాన్ని ఆధారంగా చూపి రాష్ట్ర రోడ్డు అభివృద్ధి సంస్థ బ్యాంకు నుంచి 2,000 కోట్ల రూపాయలు అప్పు తెచ్చింది. అప్పటి మరమ్మతులు ఆ డబ్బుతో జరిగాయి, రూపాయి సెస్సు మాత్రం ఆ అప్పు తీర్చే పనికి కట్టుబడిపోయింది. ఒక్క విడత మరమ్మతు కోసం రాబోయే ఏళ్ల ఆదాయాన్ని ముందే వాడుకోవడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఇక మీ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. పక్కన కిలోమీటరు రాయి మిగిలి ఉంటే దాని తల రంగు చూడండి. పసుపయితే జాతీయ రహదారి, ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి, నలుపు లేదా నీలమయితే జిల్లా రోడ్డు, నారింజయితే గ్రామీణ రోడ్డు. రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లు – ఇవి రోడ్లు, భవనాల శాఖవి. పల్లెలను మండల కేంద్రానికో పెద్ద రోడ్డుకో కలిపేవి ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. ఊరి లోపలి వీధులు పంచాయతీవి. తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీకి “ఇది మా పరిధిలోకి రాదు” అనే జవాబు రావడానికే రెండు నెలలు పట్టడం నేను ఎరుగుదును. అలాంటి జవాబుల మీద నేనే సంతకాలు పెట్టాను.

ప్రశ్న: ఏటా బడ్జెట్‌లో రోడ్లకు వేల కోట్లు అని పత్రికల్లో చదువుతాం. మరమ్మతులకు ఎంత అనేది ఎక్కడా కనబడదు. ఎలా తెలుసుకోవాలి?
– పోటీ పరీక్షలకు చదువుతున్న విద్యార్థి, వరంగల్

జవాబు: బడ్జెట్ గ్రంథాల్లో రెండు పద్దు సంఖ్యలు గుర్తుపెట్టుకోండి: 3054, 5054. రెండూ రోడ్లు, వంతెనల పద్దులే. మొదటిది రెవెన్యూ వ్యయం, నిర్వహణ, మరమ్మతులు అందులో ఉంటాయి. రెండోది మూలధన వ్యయం, కొత్త రోడ్లు, వెడల్పులు, వంతెనలు అందులోకి వస్తాయి. ప్రసంగంలో వినిపించే పెద్ద అంకె చాలాసార్లు రెండింటినీ కలిపినది. 3054 కింద ఉన్న ఉపపద్దులు ఒక్కొక్కటే చూస్తూ పోతే, జీతాలూ వగైరా తీసివేయగా తారుకూ కంకరకూ మిగిలేదెంతో తెలుస్తుంది. దాని పక్కనే గత సంవత్సరపు సవరించిన అంచనాల గడి ఉంటుంది. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. ఏప్రిల్‌లో కేటాయించినదాన్ని మార్చిలోపు కుదించి ఉంటే, కోత ఎక్కడ పడిందో ఆ గడే చెబుతుంది.

కోత ముందుగా మరమ్మతుల మీదే పడడానికి కారణముంది. జీతం ఆపితే ఉద్యోగి ఊరుకోడు, వడ్డీ ఆపితే బ్యాంకు ఊరుకోదు. గుంత పూడ్చడం ఈ ఏడాది ఆపితే వెంటనే అడిగేవారుండరు. మా రోజుల్లో శంకుస్థాపనలకు టెంట్లు వేయించడం, శిలాఫలకంలో పేర్ల వరుస సరిచూడడం కూడా మా పనే అన్నట్టు ఉండేది. ప్యాచ్ వర్కు మొదలుపెట్టడానికి మాత్రం నేను సర్వీసులో ఉన్నంతకాలం ఎవరూ వచ్చి కొబ్బరికాయ కొట్టలేదు.

ప్రశ్న: మా జిల్లాలోనే ముఖ్యమంత్రి గుంతల పూడ్చివేత కార్యక్రమం మొదలుపెట్టారు. అంత డబ్బు పెట్టి గుంతలు పూడ్చే బదులు కొత్త రోడ్లే వేయవచ్చు కదా? పైగా ఈ పనులకు కాంట్రాక్టర్లు ముందుకు రావడం లేదని విన్నాను. నిజమేనా?
– ఒక చిరు వ్యాపారి, అనకాపల్లి

జవాబు: పై జవాబులో చెప్పిన కొబ్బరికాయ లోటు మీ జిల్లాలోనే తీరింది. 2024 నవంబరు 2న పరవాడ మండలం వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గుంతలు లేని రోడ్ల కార్యక్రమాన్ని ప్రారంభించారు. 800 కోట్లకు పైగా కేటాయించి, తర్వాతి సంక్రాంతిని గడువుగా పెట్టారు.

కొత్త రోడ్లే వేయవచ్చు కదా అన్నారు. లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో రోడ్లు, భవనాల శాఖ చేతిలో ఉన్నవే సుమారు 45 వేల కిలోమీటర్లు. తారు రోడ్డు పైపొరను అయిదేళ్లకొకసారి మార్చాలనుకుంటే, ఏటా 9 వేల కిలోమీటర్లు తిరిగి వేస్తూ ఉండాలి. ఒక్క ఏడాది మానేస్తే మరుసటి ఏడాది 18 వేలు అవుతుంది. రెండేళ్లు మానేస్తే పైపొరతో పోదు, కింది కంకర పొర కూడా కదిలిపోయి ఉంటుంది కాబట్టి అంచనా మొత్తమే మారిపోతుంది. అంతటికీ ఒకేసారి డబ్బు ఏ ప్రభుత్వం దగ్గరా ఉండదు. గుంత పూడ్చడం రోడ్డుకు వైద్యం కాదు, ఆపరేషన్ దాకా మనిషిని నిలబెట్టే కట్టు లాంటిది. ఆ కట్టు కట్టి, వైద్యం అయిపోయిందని చెప్పుకోవడమే నాకు అభ్యంతరం.

కాంట్రాక్టర్ల సంగతి నిజమే, అందులో వారి తప్పు చాలామంది అనుకున్నంత లేదు. ప్యాచ్ వర్కు ఎలా నడుస్తుందో చూడండి. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, రోడ్డు మీద నడిచి గుంతలు కొలిచి అంచనా తయారు చేస్తాడు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం అయ్యాక పని జరుగుతుంది. జరిగిన పనిని ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు. బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది. అక్కడి నుంచి డబ్బు ఎప్పుడు పడుతుందో ఏఈకి తెలియదు, పైనుండే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకూ తెలియదు. పెద్ద ప్రాజెక్టు చేసేవాడికి బ్యాంకు గ్యారంటీలు, పలుకుబడి, న్యాయవాదులు ఉంటారు. పది లక్షల పని చేసే చిన్న కాంట్రాక్టరు తారుకు నగదు కట్టాలి, డీజిల్‌కు నగదు కట్టాలి, కూలీలకు శనివారం శనివారం లెక్క చూడాలి. నా సబ్‌డివిజన్‌లో ఒకాయన భార్య నగలు కుదువపెట్టి రెండు రోడ్లకు ప్యాచ్‌లు వేశాడు. బిల్లు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మరుసటి ఏడాది టెండరు ఫారం ఆయన చేతికిస్తే, నవ్వి, టీ తాగి వెళ్లిపోయాడు. బిల్లు ఆలస్యం అవుతుందని తెలిసిన తర్వాత కూడా వచ్చేవాడు ఆ వడ్డీని రేటులోనో, తారు పాలులోనో కలుపుకునే వస్తాడు. ఆ వడ్డీ ఏ పద్దు కింద కనబడుతుందని అడిగితే, గుంతలో కనబడుతుందనే చెప్పాలి.

ఊళ్లలో కొత్తగా పడిన సీసీ రోడ్ల డబ్బు వేరు. 2024 అక్టోబరు 14న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కృష్ణా జిల్లా కంకిపాడులో ప్రారంభించిన పల్లె పండుగలో 4,500 కోట్ల రూపాయలతో 30 వేల పనులు తలపెట్టారు. అది ఉపాధి హామీ పథకంలో కూలీకి 60, సామగ్రికి 40 అనే నిష్పత్తిలో వచ్చే సామగ్రి వాటా. దానితో వీధికి సిమెంటు పడింది గానీ, ఊరి బయటి తారు రోడ్డు గుంతకు అది ఆసరా కాలేదు.

ప్రశ్న: ప్రతి ఏటా మా రోడ్డు గుంతల్లో మొరం పోసి పోతారు. పది రోజులకే మళ్లీ గుంత, పైగా బురద. అసలు గుంత ఎలా పూడ్చాలి?
– ఒక ఆటో డ్రైవరు, సిద్దిపేట

జవాబు: మీ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే ఇస్తాను, ఇది నాకు ఇష్టమైన సంగతి.

గుంత పైనుంచి పడదు, కిందనుంచి పుడుతుంది. తారు పొర ఎండకు ఎండి, బరువుకు అలిసి, ముందు వెంట్రుక మందం పగుళ్లు ఇస్తుంది. అవి మొసలి చర్మంలాగా అల్లుకుంటాయి. వాన నీరు ఆ పగుళ్లలోంచి దిగి కంకర పొరను నానబెడుతుంది, తారుకూ రాయికీ మధ్య పట్టు వదిలిస్తుంది. అప్పుడు లారీ చక్రం పడితే కింద నీరు నొక్కుకుపోయి, ఎటూ పోలేక, పైపెంకును ఎగదోస్తుంది. ఒక పెంకు లేచిందంటే ఆ అంచుకు తగిలే ప్రతి చక్రమూ ఇంకో పెంకును లేపుతుంది. మీ ఆటో బరువుకు ఇందులో పాత్ర నామమాత్రమే. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందని ఇంజనీర్ల లెక్క. అంటే ఇరుసు మీద బరువు రెట్టింపయితే నష్టం పదహారు రెట్లు. ఇసుక, గ్రానైటు లారీలు తిరిగే పల్లె రోడ్లు ఎందుకు బతకవో ఇందులోనే ఉంది. 2018లో కేంద్రం లారీల అనుమతి బరువును పెంచి, నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్నదాన్ని 11.5 టన్నులు చేసింది. పల్లె రోడ్ల మందాన్ని మాత్రం ఎవరూ పెంచలేదు.

ఇక పూడ్చడం. గుండ్రంగా, వంకరగా ఉన్న గుంతను ముందు పార, గడ్డపారతో నలుపలకగా కొట్టాలి. అంచులు గోడలాగా నిలువుగా దిగాలి, అడుగు గట్టి పొర తగిలేదాకా తవ్వాలి. నీళ్లు, బురద, ధూళి తీసేసి ఊడ్వాలి. అడుగుకూ నాలుగు గోడలకూ తారు పూత పూయాలి. వేడి మిశ్రమాన్ని పొరలుగా పోసి, వంద డిగ్రీల వేడి కిందికి దిగకముందే రోలరు దొర్లించాలి. చివరికి అతుకు చుట్టూ నీరు దిగకుండా పైపూత వేయాలి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల లోతున్న గుంతకు అరవై కిలోలకు పైగా మిశ్రమం కావాలి. అందులో తారు మూడు కిలోలు. ఆ మూడు కిలోల తారు అక్కడికి వేడిగా చేరాలంటే, ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న హాట్‌మిక్స్ ప్లాంటు నుంచి టిప్పరు రావాలి. ఒక్క గుంత కోసం టిప్పరు రాదు కాబట్టి గుంతలు నిండుగా పోగయ్యేదాకా ఆగుతారు. అంతలో వానలు పడతాయి. తడిలో తారు పట్టదు. మిగిలేది మొరం, ఆంధ్ర ప్రాంతంలో దాన్నే గ్రావెల్ అంటారు.

వానల్లో మొరం పోయడం తప్పు కాదు, ప్రమాదం తప్పించడానికి అది తాత్కాలికపు పని. డిసెంబరులో తారు పని చేయకుండా ఆ మొరాన్నే మరమ్మతు లెక్కలో చూపడం తప్పు. ఇప్పుడు సంచుల్లో చల్లని మిశ్రమాలు దొరుకుతున్నాయి, తడిలోనూ పనికొస్తాయి, రోడ్డు ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వీటికి ప్రమాణాలు కూడా ఇచ్చింది. వేడి మిశ్రమం కంటే ఖరీదు ఎక్కువ కాబట్టి, పల్లె రోడ్ల అంచనాల్లో చోటు దొరకడం కష్టం.

ఒకప్పుడు కొన్ని మైళ్ల రోడ్డుకొక గ్యాంగు ఉండేది. తట్ట, పార, చీపురు పట్టుకున్న నలుగురు మనుషులు, పైన ఒక మేస్త్రీ. వాన వెలిసిన పూటే వెళ్లి రోడ్డు పక్కన నిలిచిన నీటికి కాలవ తీసేవారు, పగుళ్లలో తారు పోసేవారు. వారు పదవీ విరమణ చేసినకొద్దీ ఆ ఖాళీలు నింపలేదు. గుంత పుట్టకముందే చూసే కళ్లు వారివి. ఆ జీతాలు ఆదా చేశామనుకున్న లెక్క నాకు ఎప్పటికీ కుదరలేదు.

ప్రశ్న: మా ఊరికి తారు రోడ్డు వేసి రెండేళ్లు కాలేదు, అప్పుడే గుంతలు. ఆఫీసులో అడిగితే మరమ్మతుకు నిధులు రావాలంటున్నారు.
– పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, మీ రోడ్డుకు ప్రభుత్వ నిధులతో పని లేకపోవచ్చు. కొత్త రోడ్డు వేసిన కాంట్రాక్టరు ఒప్పందంలో లోపాల బాధ్యతా కాలం అని ఒకటి ఉంటుంది. ఆ కాలంలో పడే గుంతలు ఆయన సొంత ఖర్చుతో పూడ్చాలి, లేదంటే ఆయన డిపాజిట్టులోంచి కోసి శాఖే చేయించాలి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఈ కాలం అయిదేళ్లు. ఆ అయిదేళ్ల నిత్య నిర్వహణకు ఏటా ఎంత చెల్లించాలో కూడా ఒప్పందంలోనే రాసి ఉంటుంది, ఆ డబ్బు రాష్ట్రం ఇవ్వాలి. రోడ్డు మొదట్లో నిలబెట్టిన బోర్డు మీద పని పూర్తయిన తేదీ, కాంట్రాక్టరు పేరు, ఖర్చు ఉంటాయి. ఆ బోర్డును ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి, అవి చిత్రంగా రోడ్డు కంటే ముందే మాయమవుతుంటాయి. ఆ పథకం రోడ్డయితే మేరీ సడక్ యాప్‌లో గుంత ఫొటోతో ఫిర్యాదు పెట్టవచ్చు. ఇతర పథకాల రోడ్లకు ఈ కాలం ఒప్పందాన్ని బట్టి మారుతుంది.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఒప్పందం నకలు, ఎం-బుక్ పుటలు, బాధ్యతా కాలం ముగిసే తేదీ అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలామందికి తెలియనిది, ఆ చట్టం రెండో సెక్షన్‌లోని నిర్వచనం ప్రకారం సమాచార హక్కులో పనిని తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడం కూడా ఉన్నాయి. ఒక పల్లెలో పాత విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చిన ఒక మాస్టారు “మా రోడ్డు ముక్క ఇప్పించండి” అని దరఖాస్తు పెట్టారు. ముక్క ఇచ్చే పని పడకుండానే వారం రోజుల్లో రోలరు ఊళ్లోకి వచ్చింది.

ప్రశ్న: కొత్తగా గెలిచిన సర్పంచ్‌ను. ఆర్థిక సంఘం నిధులతో రోడ్డు గుంతలు పూడ్పించవచ్చా? ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని కార్యదర్శి భయపెడుతున్నారు.
– ఒక మహిళా సర్పంచ్, జనగామ జిల్లా

జవాబు: 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టినది. దాన్ని రోడ్డుకు తాకితే మీ కార్యదర్శి భయం నిజమవుతుంది. మిగిలిన 40 శాతాన్ని రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో మీ ఊరికి అవసరమైన దేనికైనా వాడవచ్చు, జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ తప్ప. ఆ 29లో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పని పేరు ఉండాలి, గ్రామసభ తీర్మానం ఉండాలి, రోడ్డు పంచాయతీది అయి ఉండాలి. మండల పరిషత్తుకూ జిల్లా పరిషత్తుకూ కూడా ఇందులో చిన్న వాటాలున్నాయి కాబట్టి, ఊళ్లను కలిపే రోడ్డయితే వారినీ అడగండి. తర్వాతి కాలపు గ్రాంటులకు తర్వాత వచ్చిన ఆర్థిక సంఘం మార్గదర్శకాలే వర్తిస్తాయి, పాత శాతాలు పట్టుకుని తీర్మానం రాయవద్దు.

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా తెలంగాణ పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి, ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. అందువల్ల మీ చేతికి వచ్చిన ఖాతాలో ఎంత ఉందో, ఎన్ని బిల్లులు బాకీ ఉన్నాయో ముందు పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో చూసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా పెద్ద రోడ్డు బాగానే ఉంటుంది, దాని పక్క వీధిలో మా కాలనీ రోడ్డు మాత్రం పైపుల కోసం తవ్వి వదిలేశారు. ఒకే నగరంలో ఈ తేడా ఎందుకు?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: రెండింటికీ డబ్బు వచ్చే దారి వేరు. నగర పాలక సంస్థ 2019-20లో 700 కిలోమీటర్లకు పైగా ప్రధాన రోడ్లను సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం కింద, సుమారు 1,800 కోట్ల రూపాయలతో, అయిదేళ్ల పాటు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించింది. ఆ ఒప్పంద కాలంలో గుంత పడితే పూడ్చడం, పైపొర మార్చడం, తవ్వినచోట తిరిగి వేయడం అంతా ఆ ఏజెన్సీ పనే కాబట్టి గుంత వారికే నష్టంగా ఉండేది. మీ కాలనీ రోడ్డుకు అలాంటి ఒప్పందం లేదు. పైపులు, కేబుళ్లు వేసేవారు తవ్వకం అనుమతి తీసుకుని పునరుద్ధరణ రుసుము కడతారు, కానీ ఆ రుసుము తిరిగి అదే వీధి మీద పడిందా లేదా అని చూసేవారు లేరు. ఏ తేదీన, ఎవరికి, ఎన్ని మీటర్లకు తవ్వకం అనుమతి ఇచ్చారో, ఎంత రుసుము తీసుకున్నారో మీ కాలనీ సంక్షేమ సంఘం రాతపూర్వకంగా అడగాలి.

ప్రశ్న: మా తమ్ముడు రాత్రిపూట సొంత బైకు మీద వస్తూ నీళ్లు నిండిన గుంతలో పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఎదుటి బండి ఏదీ లేదు. పరిహారం ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలి. ముందు చేతిలో ఉన్న దారి చెబుతాను. 2018 తర్వాత తీసుకున్న బీమా పాలసీల్లో, బండి యజమానే నడుపుతుంటే వర్తించేలా 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద రక్షణ తప్పనిసరి అయింది. బండి ఆయన పేరున ఉండి, లైసెన్సు, పాలసీ అమల్లో ఉండి, శాశ్వత సంపూర్ణ వైకల్యం ఏర్పడిందని వైద్యులు ధ్రువీకరిస్తే దాని కింద క్లెయిము చేయవచ్చు. ఎదుటి వాహనం ఉండనక్కర లేదు. పోలీసు స్టేషన్‌లో ప్రమాదం నమోదు చేయించండి, అందులో గుంత ప్రస్తావన తప్పక ఉండాలి, ఆసుపత్రి చీటీలో కూడా రాయించండి.

రెండోది రోడ్డు బాధ్యులది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణం గానీ వైకల్యం గానీ సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. పరిహారం కోసం హైకోర్టుకు వెళ్లే దారి ఉంది. 2013 నుంచి 2017 దాకా గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి, సరిహద్దుల్లో చనిపోయేవారి కంటే ఇది ఎక్కువేమోనని 2018లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు, గుంతల వల్ల మరణిస్తే 6 లక్షలు, గాయపడితే తీవ్రతను బట్టి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా చెల్లించాలని ఆదేశించింది. ఆ ఉత్తర్వు మహారాష్ట్రకే వర్తిస్తుంది గానీ, మన హైకోర్టు ముందు మీ న్యాయవాది దాన్ని చూపించవచ్చు. గుంతను ఈలోగా పూడ్చేస్తారు కాబట్టి, పక్కన ఒక స్కేలో చెప్పో పెట్టి లోతు తెలిసేలా ఇవాళే ఫొటో తీయించండి. వెనక కిలోమీటరు రాయో కరెంటు స్తంభం నంబరో కూడా ఫొటోలో పడాలి.